షావుకారుపేటలో తాతల నాటి మండువా ఇల్లు: పడగొట్టి కట్టడమా, నిలబెట్టుకోవడమా?

ప్రశ్న
రాసినవారు: పెద్దనాయకునిపేట

సభ్యులందరికీ నమస్కారం. ఒక కుటుంబ విషయంలో మీ సలహా కోరుతున్నాను. చెన్నై జార్జిటౌనులో పాత ఇల్లు ఉన్న ప్రతి తెలుగు కుటుంబమూ నేడో రేపో ఎదుర్కొనే సమస్యే ఇది. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

తంగసాల వీధి నుంచి చీలే ఒక సందులో మా ముత్తాతగారు కట్టించిన ఇల్లు ఉంది. స్థలం ఒక గ్రౌండు, అంటే 2400 చదరపు అడుగులు. వీధివైపు అరుగు, లోపల మండువా, దాని చుట్టూ వసారా, పైన ఒక అంతస్తు, ఆ పైన మద్రాసు టెర్రస్. మావాళ్ళు కొత్తవాల్ చావడిలో ఉల్లిపాయల టోకు వర్తకం చేసే రోజుల్లో సరుకు కింది గదుల్లో దించుకొని, కుటుంబమంతా మేడమీద ఉండేదట. 1996లో మార్కెట్టు కోయంబేడుకు తరలిపోయాక మా వర్తకమూ క్రమంగా మూతపడింది. ఇప్పుడు కింది ముందుగదులను రెండు దుకాణాలకు అద్దెకిచ్చాం. వెనకభాగంలో మా మేనత్తగారి కుటుంబం, మేడమీద మేము ఉంటున్నాం. మిగిలిన వాటాదారులు హైదరాబాదులో, బెంగుళూరులో, ఒకరు అమెరికాలో స్థిరపడ్డారు.

ఈమధ్య ఒక బిల్డరు జాయింట్ డెవలప్‌మెంట్ ప్రతిపాదన తెచ్చాడు. ఇప్పటి నిబంధనల ప్రకారం ఎఫ్ఎస్ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే లెక్క) 2 కాబట్టి 4800 చదరపు అడుగులు కట్టవచ్చని, అందులో సగం మాకిచ్చి, కట్టినన్నాళ్ళూ అద్దె కూడా తానే ఇస్తానని అంటున్నాడు. బయట ఉన్న వాటాదారులు వెంటనే ఒప్పుకున్నారు. వారిని తప్పు పట్టలేను. ఏళ్ళ తరబడి ఈ ఇంటినుంచి వారికి దక్కింది ఏమీ లేదు. మా మేనత్తగారికి మాత్రం ఇల్లు పోతుందన్న మాట మింగుడుపడడం లేదు. నాకూ మనసొప్పడం లేదు, కాని పైకప్పులో రెండు దూలాలు పుచ్చాయి, గోడల అడుగున పెచ్చులు రాలుతున్నాయి, వానాకాలంలో వీధి నీళ్ళు లోపలికి వస్తాయి.

నా సందేహాలు ఇవి. ఇలాంటి ఇంటిని నిజంగా బాగుచేసి మరో రెండు తరాలు వాడుకోవచ్చా, లేక అది మన మమకారం చెప్పించే మాటేనా? మా ఇల్లు ఏ వారసత్వ జాబితాలోనూ లేదు; జాబితాలో చేరితే మాకు మేలా, కీడా? ఇల్లు నిలుపుకోదలచిన యజమానికి ప్రభుత్వంవైపు నుంచి ఏదైనా ఆసరా ఉందా?


సమాధానం 1
రాసినవారు: గానుగసున్నం

నమస్కారం. నేను స్ట్రక్చరల్ ఇంజనీరును. పాత కట్టడాల మరమ్మతు పనే ఎక్కువగా చేస్తాను. ఇల్లు చూడకుండా తుది మాట చెప్పకూడదు గాని, మీరు చెప్పిన మూడు లక్షణాలూ జార్జిటౌనులో దాదాపు ప్రతి పాత ఇంట్లోనూ కనిపించేవే. ఏ ఒక్కటీ ఇల్లు పడగొట్టవలసినంత జబ్బు కాదు.

ముందు పైకప్పు సంగతి. మద్రాసు టెర్రస్ అంటే టేకు దూలాలను దగ్గరదగ్గరగా పరిచి, వాటిమీద సన్నటి ఇటుకలను నిలువుగా, గోడకు ఏటవాలుగా, ఒకదానికొకటి ఆనించి గానుగసున్నంతో బిగించి కట్టిన కప్పు. అది గట్టిపడ్డాక దానిమీద ఇటుక జల్లి, సున్నం కలిపి పోసి, బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం చల్లుతూ రోజుల తరబడి దిమ్మిసతో కొట్టేవారు. చివరన పలుచటి పెంకులు పరిచేవారు. ఇందులో ముఖ్యమైన సుగుణం ఏమిటంటే, ఒక దూలం పుచ్చితే ఆ దూలాన్ని మాత్రమే మార్చవచ్చు. కింద తాత్కాలికంగా ఊత స్తంభాలు పెట్టి, పుచ్చిన చివరను కోసి, ఇనుప పలకలతో అతుకు వేయవచ్చు, లేదా దూలం మొత్తాన్నే మార్చవచ్చు. కాంక్రీటు శ్లాబులో లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే మరమ్మతు ఇంత సులువుగా ఉండదు.

దూలం నడిమిభాగం సాధారణంగా పుచ్చదు. గోడలోకి దిగిన చివర పుచ్చుతుంది. అక్కడికి నీరు ఎలా వచ్చిందో మొదట వెతకండి. నేను చూసిన ఇళ్ళలో చాలావాటికి కారణం ఒక్కటే. తరువాతి కాలంలో మేడమీద కట్టుకున్న స్నానాలగది. కలప దూలాలమీద సిమెంటు తొట్టి, గొట్టాలు పెడితే ఎక్కడో ఒకచోట నీరు చెమరుస్తూనే ఉంటుంది, గోడలోని దూలపు చివర దాన్ని పీల్చుకుంటుంది. స్నానాలగదులను ఇంటి వెనుక విడిగా ఇనుప చట్రంమీదకు మారిస్తే సగం సమస్య తీరిపోతుంది.

గోడల పెచ్చులకు కారణం సిమెంటు పూత. సున్నపు గోడ నేలలోని తేమను పీల్చుకొని తిరిగి గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కుకొని, ఉప్పు పేరుకొని, ఇటుకనే పొడిగా మార్చేస్తుంది. పెచ్చు రాలిన ప్రతిసారీ మళ్ళీ సిమెంటే పూస్తారు, అది మరికాస్త పైకి పాకుతుంది. సిమెంటు పూతను నడుము ఎత్తుదాకా పూర్తిగా చెక్కించి, గోడను కొన్ని నెలలు ఆరనిచ్చి, సున్నంతో పూయించండి. వీధి నీళ్ళ విషయంలో మాత్రం మీరు ఒంటరిగా చేయగలిగింది తక్కువ. పాత తారును గీకకుండా దానిమీదే కొత్త రోడ్డు వేస్తూ పోవడంవల్ల మన వీధులు మన గడపలకంటే ఎత్తయ్యాయి. మా బంధువుల ఇంటి అరుగుకు మూడు మెట్లుండేవి. ఇప్పుడు ఒక్కటే పైకి కనిపిస్తుంది, మిగిలిన రెండూ తారు కింద ఉన్నాయి.

ఇక లెక్కకు వద్దాం. బిల్డరు మాటలో మీరు గమనించవలసినది ఒకటుంది. మీ మండువానూ వెనకదొడ్డినీ తీసేసినా ఒక్కో అంతస్తులో 1900 చదరపు అడుగులకు తక్కువ ఉండదు. రెండంతస్తులూ కలిపితే 3800. గోడల మందం ఎక్కువ కాబట్టి వాడుకోదగ్గ జాగా కొంత తగ్గుతుంది, అది ఒప్పుకుంటాను. అయినా బిల్డరు మీకిస్తానంటున్నది 2400. అందులోనూ మెట్లు, లిఫ్టు, నడవాల వాటా కలిసే ఉంటుంది. అంటే మీరు ఇల్లు ఇచ్చి, నేలమీద హక్కులో సగం ఇచ్చి, ఇప్పుడున్న దానికంటే తక్కువ జాగా తీసుకుంటున్నారు. జార్జిటౌను పాత ఇళ్ళు పక్కపక్కన గోడ కలిపి కట్టినవి, అప్పటికే దట్టమైనవి. శివార్లలో పెద్ద తోట నడుమ ఉన్న బంగళా పడగొడితే జాగా అనేక రెట్లు పెరుగుతుందేమో గాని, ఇక్కడ అలా పెరగదు. బిల్డరు లాభం తరచు అనుమతికి మించి వేసే అంతస్తులోనే ఉంటుంది. ఆ చిక్కు చివరకు యజమాని మెడకే చుట్టుకుంటుంది.

ఒక హెచ్చరిక కూడా. మరమ్మతు పేరుతో కింది గోడలు తొలగించి దుకాణాన్ని వెడల్పు చేయాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2023 ఏప్రిల్‌లో మన పక్కనే అర్మేనియన్ వీధిలో మరమ్మతులు జరుగుతున్న పాత భవనం కుప్పకూలింది. ఇలాంటి కట్టడాల్లో బరువంతా గోడలే మోస్తాయి.


సమాధానం 2
రాసినవారు: తంగసాల వర్తకుడు

ఇంజనీరుగారి మాటల్లో తప్పు లేదు. అయితే ఈ వీధుల్లో రోజూ బతికేవాడిగా నేను రెండో పక్షం చెప్పాలి, లేకపోతే ఈ చర్చ ఏకపక్షమవుతుంది.

మా సందులోకి అగ్నిమాపక వాహనం రాదు. కరెంటు తీగలు కిటికీల ముందునుంచే వేలాడుతుంటాయి. పాత ఇళ్ళ మేడల్లో కాగితం, ప్లాస్టిక్ సరుకు కొండల్లా పేర్చి ఉంటుంది. కింద ఇద్దరు ముగ్గురు అద్దెదారులు కాపురముంటారు, అందరికీ కలిపి ఒకే మరుగుదొడ్డి. 2011 జనగణన నాటికి పాత చెన్నై నగరపు 174 చదరపు కిలోమీటర్లలో 46 లక్షలకు పైగా జనం ఉన్నారు. ఇంతమంది మధ్య ప్రతి పాత గోడనూ కదిలించవద్దంటే, ఆ గోడల మధ్య ఉన్న ఆడవాళ్ళు, ముసలివాళ్ళు పడే ఇబ్బందిని ఎవరు మోస్తారు? ఇల్లు బాగుంది, అరుగు బాగుంది అని ఆదివారం ఫొటోలు తీసుకొనే మంచివాళ్ళు సోమవారం నీళ్ళ లారీ కోసం మాతో నిలబడరు.

ఇంకో మాట. ఈ ఊరు మొదటినుంచీ పడగొట్టుకొని కట్టుకొన్న ఊరే. 1639లో దామెర్ల నాయకుల దగ్గర స్థలం పుచ్చుకొన్న ఇంగ్లీషువాళ్ళు కోట కట్టాక, దానికి ఉత్తరాన వెలసిన మన పాత చెన్నపట్నాన్ని, 18వ శతాబ్దం నడుమ ఫ్రెంచివాళ్ళతో యుద్ధాలు జరిగిన కాలంలో, కోటకు అడ్డమని నేలమట్టం చేశారు. ఈనాడు హైకోర్టు నిలబడ్డది ఆ నేలమీదనే. చెన్నకేశవస్వామి గుడి కూడా అలాగే పోయి, దేవరాజ ముదలి వీధిలో మళ్ళీ వెలసింది. మనం పాతది, పాతది అంటున్న ముత్యాలపేట, పెద్దనాయకునిపేట అలా పోయినదానికి బదులుగా పెరిగినవే. అప్పుడు మనవాళ్ళు కొత్తచోట బతుకు కట్టుకోగలిగారు కదా.

నా ఉద్దేశంలో ఒక్కొక్క ఇంటినీ విడివిడిగా బిల్డర్లకు ఇవ్వడం వద్దు. ఒక వీధి మొత్తాన్ని కలిపి, రోడ్డు వెడల్పు చేసి, కాలువలు వేసి, అందరికీ కొత్త ఇళ్ళు ఇవ్వాలి. ముంబయిలో భేండీ బజారును అలాగే సుమారు 250 భవనాలు కలిపి, 16.5 ఎకరాల్లో ఒక ట్రస్టు తిరిగి కడుతున్నది. పాత అద్దెదారులకు కూడా సొంత ఇల్లు ఇస్తున్నారు. మనకెందుకు అటువంటిది రాకూడదు?


సమాధానం 3
రాసినవారు: ఎస్ప్లనేడు పాఠకుడు

వర్తకుడుగారు చెప్పిన బాధలు నిజమైనవి. నేను పట్టణ ప్రణాళిక విషయాలు చాలాకాలంగా చదువుతున్నాను, ఈ పేటలోనే పెరిగాను. వారి చివరి ప్రశ్నకు నా అభిప్రాయం చెప్పి, తరువాత చట్టం సంగతికి వస్తాను.

పాత చెన్నపట్నం పోయినప్పుడు ఇళ్ళు పోయినా పేట పేటగానే కదిలింది. వర్తకుడి పక్కన వర్తకుడు, గుడి పక్కన పూలవాళ్ళు, వీధి వెనుక వీధి, అదే పద్ధతిలో మళ్ళీ కూర్చుకొన్నారు. ఈనాటికీ మన వీధుల పేర్లలో గోవిందప్ప నాయకుడు, ఆదియప్ప నాయకుడు మిగిలి ఉండడానికి కారణం అదే. ఇప్పుడు జరుగుతున్నది వేరు. ఒక ఇల్లు పోయి ఆ చోట కింద పార్కింగు, పైన గోదాములు వస్తాయి. దాని నీడ పడి పక్క మండువాలోకి వెలుతురు పోతుంది, పునాది తవ్వకానికి పక్క గోడ పగులుతుంది, కాబట్టి రెండేళ్ళలో ఆ ఇల్లూ పోతుంది. కాపురాలు పోయి సరుకు మిగులుతుంది. భేండీ బజారు నమూనా కూడా ఒకే సమాజపు ట్రస్టు, దాని సొంత నిధులు వెనుక ఉండబట్టి సాధ్యపడింది. ఇంటికి ఏడుగురు వాటాదారులు, వీధికి పది సమాజాలు ఉన్న షావుకారుపేటలో దాన్ని ఉన్నదున్నట్టు దించడం చాలా కష్టం.

ఇక చట్టం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు 1958 చట్టం, దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రణ. ఈ గీత నగరం నడిబొడ్డున ఎంత ఘర్షణ తెస్తుందో మన హైకోర్టు ఆవరణలోనే చూశాం. పాత న్యాయకళాశాల స్థలంలో ఉన్న డేవిడ్ యేల్, జోసెఫ్ హిన్మర్ల సమాధి 17వ శతాబ్దం నాటిది. అది అక్కడ ఉన్నందువల్ల బహుళ అంతస్తుల పార్కింగు కట్టడం కుదరడం లేదని, దాన్ని వేరొక చోటికి తరలించమని 2023లో హైకోర్టు ఆదేశించింది. ఒక సమాధికి 100 మీటర్ల గీత, మూడు వందల మీటర్ల పొడవున్న పాత వీధికి ఏ గీతా లేదు. మన చట్టాల తీరు ఇది: విడి కట్టడాన్ని గుర్తిస్తాయి, పేటను గుర్తించవు.

ప్రైవేటు కట్టడాల విషయంలో చెన్నైకి దారి చూపినది అణ్ణాసాలైమీద ఉన్న భారత్ ఇన్సూరెన్సు భవనం కేసు. 1897లో కార్డిల్ బిల్డింగు పేరుతో కట్టిన ఆ భవనాన్ని 2006లో యజమాన్య సంస్థ కూల్చడం మొదలుపెట్టగా, పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ కోర్టుకు వెళ్ళింది. 2010లో హైకోర్టు కూల్చకూడదని తీర్పునిచ్చి, జస్టిస్ పద్మనాభన్ కమిటీ నివేదికలో ఉన్న నాలుగు వందలకు పైగా కట్టడాలను కాపాడాలని, చెన్నై నగరాభివృద్ధి సంస్థ (సి.ఎం.డి.ఎ.) ఆధ్వర్యంలో వారసత్వ పరిరక్షణ కమిటీ వేయాలని ఆదేశించింది. చాలా మంచి తీర్పు. కాని కూల్చడం ఆగింది గాని, బాగుచేయడం మాత్రం ఏళ్ళ తరబడి మొదలుకాలేదు. తీర్పు వచ్చిన చాలా ఏళ్ళకు కూడా కప్పులు కుంగి, గోడల్లో రావిచెట్లు మొలిచి అలాగే నిలబడింది. అనిబిసెంటు స్థాపించిన సంఘం 1915లో కట్టించిన గోఖలే హాలుకూ ఇంచుమించు ఇదే గతి పట్టింది. మెట్రో రైలు కోసం అణ్ణాసాలైమీద పి. ఓర్ అండ్ సన్స్ భవనంలో ఒక భాగం పోయినప్పుడు కూడా వాదనంతా పడగొట్టవచ్చా, కూడదా అన్నదాని చుట్టూనే తిరిగింది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పదలచాను. పడగొట్టవద్దని యజమానికి చెప్పడంతో పరిరక్షణ పూర్తికాదు. మీ ఇల్లు నిలిస్తే వీధికి అందం, ఊరికి జ్ఞాపకం, చదువుకొనేవారికి పాఠం; మరమ్మతు ఖర్చు మాత్రం మీదొక్కరిదే, వదులుకొన్న ఎఫ్ఎస్ఐ నష్టమూ మీదే. ఈ అన్యాయం సరిదిద్దనంతకాలం జాబితాలో పేరు చేరడమంటే యజమాని భయపడతాడు, చేరకముందే రాత్రికి రాత్రి గడ్డపార వేస్తాడు. దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. ముంబయి 1995లోనే వారసత్వ నిబంధనలు తెచ్చి, కట్టడాలను మూడు శ్రేణులుగా విభజించి, కట్టుకోలేని హక్కును మరోచోట వాడుకోవడానికో అమ్ముకోవడానికో టిడిఆర్ (బదిలీ చేసుకోదగ్గ నిర్మాణ హక్కు) రూపంలో ఇచ్చే మార్గం పెట్టింది. అహమ్మదాబాదు పాతనగరంలో పోళ్ళలోని (పాత ఇరుకు నివాస వాడల్లోని) కొయ్య ఇళ్ళకూ అటువంటి వెసులుబాటు ఉంది. 2017లో ఆ నగరం యునెస్కో జాబితాకెక్కింది. తమిళనాడులో రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చినవారికి టిడిఆర్ ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. అరుగునూ మండువానూ నిలిపినవారికి కూడా అదే హక్కు, కొన్నేళ్ళ ఆస్తిపన్ను మినహాయింపు, సున్నపు పని తెలిసిన మేస్త్రీల సాయం అందితే మీ హైదరాబాదు వాటాదారులకు నచ్చజెప్పడానికి మీ చేతిలో ఒక అంకె ఉండేది. రాష్ట్రం 2012లో వారసత్వ కమిషన్ చట్టం చేసుకొంది, కాని కమిషన్ రూపు దాల్చడానికే ఏళ్ళు పట్టింది.

మన రెండో ఊరి అనుభవం కూడా చెప్పాలి. హైదరాబాదులో 1981 నాటి జోనింగు నిబంధనల్లోని 13వ నిబంధన కింద వారసత్వ కట్టడాల జాబితా ఉండేది. 2015 డిసెంబరులో ఆ నిబంధననే తొలగించారు. ఇర్రం మంజిల్‌ను పడగొట్టి శాసనసభ కడతామన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేయవలసి వచ్చింది. నిబంధన ఉన్నా రక్షణ అంతంతమాత్రమే. అది లేనప్పుడు ప్రతి కట్టడానికీ ఒక వ్యాజ్యం తప్పదు. సామాన్యుడి మండువా ఇంటికోసం వ్యాజ్యం వేసేవారు ఎవరూ ఉండరు.

అద్దె చట్టం పాత్రను కూడా మరిచిపోకూడదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో అద్దె పెంచడం కష్టం, అద్దెదారును లేపడం ఇంకా కష్టం. లేపడానికి ఉన్న కొద్ది దారుల్లో ఒకటి, ఇల్లు శిథిలమైంది, పడగొట్టి కట్టుకొంటానని చెప్పడం. అంటే ఇంటిని పాడుపెట్టడం యజమానికి లాభసాటి అయింది. జార్జిటౌను ఇళ్ళు వయసువల్ల కాదు, ఎక్కువగా ఈ కారణంవల్లనే కుంగాయి. 2017 చట్టం 2019 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చాక కొత్త ఒప్పందం రాసుకొని ఇద్దరికీ కుదిరిన అద్దె తీసుకోవచ్చు. మీ ఇంటి లెక్క వేసేటప్పుడు పాత అద్దెను కాక, ఈనాటి అద్దెను పెట్టుకొని చూడండి.

మనవాళ్ళ జ్ఞాపకాలు ఈ నగరంలో ఎన్ని చోట్ల ఉన్నాయో తలచుకొంటే నాకు బాధగానే ఉంటుంది. విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజా ఆనంద గజపతి. అది నగరపాలక సంస్థ చేతిలో ఉండబట్టి బాగుపడే నిధులు దొరికాయి. పొట్టి శ్రీరాములుగారు 1952లో నిరాహారదీక్ష చేసి ప్రాణాలు విడిచిన బులుసు సాంబమూర్తిగారి ఇల్లు రాయపేట హైరోడ్డులో స్మారకంగా నిలిచింది. వడపళని విజయా-వాహినీ స్టూడియోల నేలమీద ఇప్పుడు పెద్ద మాల్, ఆసుపత్రి ఉన్నాయి. పేరున్న చోటు స్మారకమవుతుంది, ఖరీదైన చోటు మాల్ అవుతుంది. ఉల్లిపాయల వర్తకుడి ఇల్లు ఈ రెంటిలో దేనికీ చెందదు. నగరంలో సామాన్య కుటుంబం ఎలా బతికిందో చెప్పగలిగేది మాత్రం అదొక్కటే.


సమాధానం 4
రాసినవారు: తంగసాల వర్తకుడు

పాఠకుడుగారి మాటల్లో టిడిఆర్ విషయం నాకు నచ్చింది. యజమానికి డబ్బు కనిపిస్తే మా వీధిలో కనీసం పది కుటుంబాలు ఇల్లు నిలుపుకొంటాయి. కాని అది వచ్చేదాకా మరుగుదొడ్డి, కరెంటు తీగలు, నిప్పు భయం ఆగవు. పాత ఇంటిని నిలిపేవారు మొదట గోదాము సరుకు ఖాళీ చేయించి, వైరింగు మొత్తం మార్పించాలి. ఆ పని చేయని పరిరక్షణను నేను ఒప్పుకోను.


ప్రశ్న వేసినవారి స్పందన
రాసినవారు: పెద్దనాయకునిపేట

అందరికీ కృతజ్ఞతలు. ఇంజనీరుగారి లెక్కను కుటుంబ సమూహంలో పెట్టాను. 3800 ఇచ్చి 2400 పుచ్చుకొంటున్నామన్న సంగతి ఇంతవరకు మాలో ఎవరికీ తట్టలేదు. హైదరాబాదులో ఉన్న మా పినతండ్రిగారు ఒప్పందాన్ని కొన్నాళ్ళు ఆపుదామన్నారు. స్నానాలగది విషయంలోనూ మీరు చెప్పినది సరిపోయింది, పుచ్చిన దూలాలు రెండూ సరిగ్గా దాని కిందివే. వైరింగు సంగతి కూడా ఈ నెలలోనే చూస్తాము.

కింది దుకాణాలను ఇప్పటి ధరకు కొత్త ఒప్పందంమీద ఇచ్చి, మేడమీద రెండు గదులను ఏదైనా చిన్న కార్యాలయానికి ఇస్తే మరమ్మతుకు అప్పు తీసుకొని నెమ్మదిగా తీర్చవచ్చని లెక్క వేసుకొంటున్నాం. ఒక భయం మాత్రం మిగిలింది. వాటాదారుల్లో ఒకరు తన భాగాన్ని నేరుగా ఆ బిల్డరుకే అమ్మేస్తే మా పరిస్థితి ఏమిటి?


సమాధానం 5
రాసినవారు: పారీస్ కార్నరు న్యాయవాది

ఈ భయం సహేతుకమైనదే, ఈ పేటలో చాలా ఇళ్ళు చేతులు మారినది ఆ దారిలోనే. విభజన జరగని ఇంట్లో ఒక వాటాదారు తన వాటాను బయటివారికి అమ్ముకోవచ్చు. కాని కొన్నంత మాత్రాన ఆ కొన్నవారు కుటుంబం నివసించే ఇంట్లోకి వచ్చి కూర్చోలేరు. విభజన దావా వేయవలసి ఉంటుంది. అలా దావా వేసినప్పుడు, 1893 నాటి విభజన చట్టం 4వ సెక్షను ప్రకారం, కుటుంబంలోని ఏ వాటాదారైనా ఆ వాటాను కోర్టు నిర్ణయించిన విలువకు తానే కొంటానని ముందుకు రావచ్చు. ఈ హక్కు కుటుంబం కాపురముండే ఇంటికే వర్తిస్తుంది. మీ మేనత్తగారు, మీరు అక్కడే ఉంటున్నారు కాబట్టి మీకు బలం ఉంది. ఇల్లంతా గోదాముగా మార్చి అందరూ వెళ్ళిపోతే ఆ బలం సన్నగిల్లుతుంది.

దావాదాకా పోకుండా చూసుకోవడమే మేలు. అమ్మదలచినవారు ముందుగా మిగిలినవారికి చెప్పాలని, ధర ఎలా కట్టాలో, ఎన్ని నెలల్లో చెల్లించాలో రాసుకొని, అందరూ సంతకం చేసిన కుటుంబ ఒప్పందం రిజిస్టరు చేయించండి. అద్దె ఆదాయంలో దూరాన ఉన్నవారికి వారి వాటా ప్రతినెలా అందేలా అందులోనే రాయండి. ఇంటినుంచి ఏమీ దక్కకపోవడమే వారు తొందరపడడానికి మూలం కదా.

బిల్డరు ఇప్పటికే పవర్ ఆఫ్ అటార్నీ ముసాయిదా ఇచ్చి ఉంటే, అందులో పాత కట్టడాన్ని కూల్చే అధికారం ఏ పేరాలో ఉందో చూడండి. ప్లాను అనుమతి రాకముందే ఆ అధికారం అతని చేతికి వెళ్ళేలా రాయడం మామూలు. ఇల్లు నేలమట్టమయ్యాక అనుమతి ఏళ్ళ తరబడి ఆలస్యమైనా, బిల్డరు అద్దె కట్టడం ఆపేసినా యజమాని వెనక్కి వెళ్ళలేడు. మీలో ఎవరైనా దానిమీద సంతకం చేశారేమో ముందు కనుక్కోండి. చేసి ఉంటే రద్దుపత్రం రాయించి, రిజిస్టరు చేయించి, బిల్డరుకు స్పీడు పోస్టులో పంపండి. దానికి ప్రతిఫలంగా ఎవరైనా డబ్బు పుచ్చుకొని ఉంటే మాత్రం రద్దు ఒక్క కాగితంతో తేలదు, ఆ సంగతి ముందే ఎవరైనా న్యాయవాదితో మాట్లాడండి.